సాలీడు కాటు, తాంబురెల్లో మోత: దక్షిణ ఇటలీ జానపదం గురించి మీ ప్రశ్నలు

గత సంచికలో దక్షిణ ఇటలీ జానపద బృందాల గురించి ఒక పేజీ పరిచయం వేశాము. అక్కడి పల్లెపాట ఇవాళ్టి వేదికల మీదికి ఎలా ఎక్కిందో క్లుప్తంగా చెప్పిన ఆ పరిచయానికి హనుమకొండ, జనగామ, కోరుట్ల, హుజూరాబాద్, ములుగు వైపుల నుండి మేము అనుకున్నదాని కంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈసారి ఈ శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మొన్న ఫోనులో ఇటలీ పాట ఒకటి విన్నాను. పక్క గదిలో ఉన్న మా నాయన అది విని, మన డప్పే అనుకుని బయటికి వచ్చి చూశాడు. ఆ వాద్యం ఏమిటి? దానికీ మన డప్పుకూ ఏమైనా చుట్టరికం ఉందా?
– పీజీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ నాయన గారి చెవి తప్పు వినలేదు. ఇటలీ పటాన్ని బూటుతో పోలుస్తారు కదా, ఆ బూటు మడమ దగ్గర ఉన్న సలెంతో ప్రాంతపు పాట అది అయి ఉంటుంది. ఆ పాటను, ఆ ఆటను అక్కడి వారు పిజ్జికా అంటారు. గిల్లడం, కుట్టడం అని ఆ మాటకు అర్థం. దాని వాద్యం తాంబురెల్లో. చెక్క చట్రానికి ఒకవైపు మేకతోలు బిగించి, చట్రంలో రేకు బిళ్ళలు అమర్చుతారు. అందుకే మోతతో పాటు గలగల కూడా వినిపిస్తుంది.

చట్రం మీద తోలు బిగించడంలో రెండూ ఒకటే గాని, వాయించే తీరు వేరు. మన డప్పును జబ్బకు తగిలించుకుని చిర్రతోను, చిటికెన పుల్లతోను కొడతాము. వాయించే ముందు మంట దగ్గర కాచుకుంటాము. తాంబురెల్లోను ఒక చేత పట్టుకుని, రెండో చేతి అరచేతితోను, వేళ్ళతోను వాయిస్తారు. ఆ పట్టు చూస్తే డప్పు కంటే కంజీరకే దగ్గర అనిపిస్తుంది, పరిమాణంలో మాత్రం కంజీర కంటే బాగా పెద్దది. గంటల తరబడి వాయించే వారి చేతులు చీరుకుపోయి తోలు మీద నెత్తురు మరకలు పడడం అక్కడ అందరూ ఎరిగిన సంగతే.

లయ సంగతి కూడా చెప్పాలి. పిజ్జికా మూడు మూడుగా నడుస్తుంది. ‘తకిట తకిట తకిట తకిట’ అని నాలుగు సార్లు గబగబా అనుకుంటే, పన్నెండు మాత్రల ఆ చక్రం మీ నోటికి వచ్చేస్తుంది. దానికి కాస్త ఉత్తరాన, నేపుల్స్ చుట్టుపక్కల, తమ్ముర్రియాతా అనే మరో పద్ధతి ఉంది. దాని వాద్యమైన తమ్మొర్రా ఇంకా పెద్దది, లయ రెండు రెండుగా నడుస్తుంది, ఆడేవారు చేతుల్లో చెక్క చిడతలు పట్టుకుంటారు. ఈ రెండింటినీ ఒకే పేరుతో కలిపేయడం, ఒగ్గు డోలును డప్పును ఒకటే అనడం లాంటిది.

ప్రశ్న: సాలెపురుగు కుట్టిన వారికి వైద్యంగా ఈ సంగీతం పుట్టిందని మీరు రాశారు. ఇది నిజమేనా? నిజమైతే, ఐనవోలు మల్లన్న జాతరలో శివసత్తులకు వచ్చే పూనకం వంటిదేనా?
– ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: కొంచెం వివరంగా చెప్పవలసిన ప్రశ్న ఇది, ఎందుకంటే నేటి ఇటలీ జానపద సంగీతానికి వేరు ఇక్కడే ఉంది.

సలెంతోలో కొన్ని వందల ఏళ్ళపాటు ఒక ఆచారం నడిచింది. ఎండాకాలంలో గోధుమ కోతల్లో, పొగాకు చేలలో పనిచేసే ఆడవారిలో ఎవరో ఒకరు ఉన్నట్టుండి కూలిపోయేవారు. ఒంట్లో సత్తువ లేదని, గుండె దడ అని, ఏడుపు ఆగడం లేదని చెప్పేవారు. తరంతా అనే సాలీడు కుట్టిందని ఇంటివారు అనేవారు. దగ్గర్లోని తరంతో పట్టణం పేరే ఆ పురుగుకు వచ్చింది. అప్పుడు వాయిద్యగాళ్ళను పిలిపించేవారు. వయొలిన్, తాంబురెల్లో, గిటారు, చేతి హార్మోనియం వంటి ఒర్గనెత్తోలతో వారు ఇంటికి వచ్చి, నేల మీద పరిచిన తెల్ల దుప్పటి చుట్టూ కూర్చుని ఒక్కొక్క రాగమూ వాయించి చూసేవారు. ఏ రాగానికి, ఏ రంగు గుడ్డకు ఆమె కదిలితే ఆ సాలీడే కుట్టిందని నిర్ణయించి, ఆ రాగాన్నే పట్టుకుని ఆమె అలసి లేచేదాకా, కొన్నిసార్లు రోజుల తరబడి, వాయించేవారు. ఏటా జూన్ 29న, పేతురు పౌలుల పండుగ నాడు, అలాంటి వారంతా గలాతీనా పట్టణంలోని సెయింట్ పాల్ చిన్న గుడికి వెళ్ళి మొక్కు తీర్చుకునేవారు, అక్కడి బావి నీళ్ళు తాగేవారు.

1959 వేసవిలో ఎర్నెస్తో దె మార్తినో అనే పండితుడు ఒక బృందాన్ని వెంటబెట్టుకుని సలెంతోకు వెళ్ళాడు. ఆ బృందంలో మనోవైద్యుడు, మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఫొటోగ్రాఫర్‌తో పాటు దియేగో కార్పితెల్లా అనే సంగీత పరిశోధకుడు కూడా ఉన్నాడు. వారు ఇల్లిల్లూ తిరిగి విన్నదానిని బట్టి, ఇది విషం పని కాదని తేల్చారు. ఆ పేరుగల సాలీడు కాటు మనిషిని అంతగా బాధించేది కాదు. పైగా అదే మనిషికి ప్రతి ఏడూ అదే కాలంలో ‘కాటు’ తిరగబెట్టేది. ఇష్టం లేని పెళ్ళి, దక్కని ప్రేమ, ఇంట్లో చావు, తీరని పేదరికం, నలుగురి ముందు నోరు విప్పి చెప్పుకోలేని బాధ ఏదైతే ఉందో, దానికి సమాజం ఇచ్చిన ఒక రూపమే ఈ కాటు అని దె మార్తినో 1961లో వెలువడిన తన పుస్తకంలో వాదించాడు. ఇటాలియన్‌లో పశ్చాత్తాపాన్ని సూచించే మాటలోనే ‘మళ్ళీ కరవడం’ అనే అర్థం దాగి ఉంది; ఆయన పుస్తకం పేరు ఆ మాట మీదే నిలిచింది.

ఆ ఆడవారికి వయొలిన్ వాయించి లేపిన వారిలో నార్దో పట్టణానికి చెందిన లుయీజీ స్తిఫాని ప్రసిద్ధుడు. 1914లో పుట్టి 2000లో మరణించిన ఆయన వృత్తి క్షౌరం. కత్తెర పక్కన పెట్టి, వయొలిన్ చంకన పెట్టుకుని పిలుపు వచ్చిన ఇంటికి వెళ్ళేవాడు. తాను చూసిన వారి వివరాలను నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఒక ఊరి మంగలి చేతిలో వైద్యమూ సంగీతమూ కలిసి ఉండడం మన పల్లెలకు కొత్త సంగతి కాదు.

ఇక పూనకంతో పోలిక. మోత ఆగకుండా సాగడం, మనిషి తనను తాను మరిచిపోవడం రెండు చోట్లా ఉన్నాయి. అయినా ఈ రెండూ ఒకటని నేను అనను. మల్లన్న జాతరలో శివసత్తికి ఒక స్థానం ఉంది. పట్నం ముగ్గు వేసిన చోట ఆమెను దేవుడి మనిషిగా చూసి దండం పెడతారు, ఆమె నోట మాట కోసం ఎదురుచూస్తారు. సలెంతోలో కాటు తిన్న స్త్రీని అలా చూడలేదు. ఆమె రోగి. ఇల్లు పరువు పోయిందని తలుపులు మూసుకునేది, వాయిద్యగాళ్ళకు ఇవ్వడానికి అప్పు తెచ్చేది. ఈ తేడాను గమనించకపోతే అక్కడి పాటలోని దుఃఖం మనకు అందదు.

ప్రశ్న: నాకు పెళ్ళి అయినప్పటి నుండి బీడీలు చుడుతున్నాను. ఇటలీలో కూడా పొగాకు పని చేసే ఆడవాళ్ళ పాటలు ఉన్నాయని మా బిడ్డ మీ పుస్తకం చదివి చెప్పింది. వాళ్ళు ఏమని పాడుకున్నారు?
– ఒక తల్లి, కోరుట్ల

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. సలెంతోలో పొగాకు ఆకును కోసి, దారానికి గుచ్చి ఆరబెట్టి, గిడ్డంగుల్లో రకాలుగా వేరుచేసే పని ఎక్కువగా ఆడవారిదే. పని చేస్తూ గుంపుగా, ఒకరు ఎత్తుకుంటే మిగిలిన వారు అందుకునేలా పాడేవారు. పొగాకు పనికి పోయే ఆడవారిని పిలిచి, యజమాని దగ్గర జాగ్రత్తగా ఉండమని, ఇద్దరుగా పోయి నలుగురుగా తిరిగి వస్తారని హెచ్చరించే పాట ఒకటి అక్కడ అందరికీ తెలుసు. ఆ మాట వెనుక ఉన్నదేమిటో మీకు నేను విడమరచనక్కరలేదు. ఇవాళ పెద్ద పెద్ద వేదికల మీద యువ గాయనులు ఆ పాటను పాడుతున్నారు. హుషారు కోసం వేగం పెంచినప్పుడు అందులోని హెచ్చరిక చెవిన పడకుండా పోతుందని నా బాధ. నెమ్మదిగా, వాద్యం లేకుండా, గొంతుల మీదే నిలబెట్టి పాడినప్పుడు మాత్రం ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ప్రశ్న: మా తాత, మా బాపు, నేను మూడు తరాలుగా డప్పు కొడుతున్నాము. ఇప్పుడు పెళ్ళిళ్ళకు డీజే పెడుతున్నారు. ఇటలీలో పాత వాద్యానికి మళ్ళీ గౌరవం ఎట్లా వచ్చింది? ఎవరు తెచ్చారు?
– డప్పు కళాకారుడు, హుజూరాబాద్

జవాబు: ఒక్కసారిగా రాలేదు, ఒక్కరు తేలేదు. ముందు అక్కడ కూడా సిగ్గుపడిన కాలం ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత దక్షిణ ఇటలీ పల్లెలు బతుకుదెరువు కోసం ఖాళీ అయ్యాయి. మిలాన్, ట్యూరిన్ కార్ఖానాలకు, జర్మనీకి, స్విట్జర్లాండ్‌కు, బెల్జియం బొగ్గు గనులకు జనం పోయారు. 1956 ఆగస్టు 8న బెల్జియంలోని మార్సినెల్ గనిలో మంటలు లేచి 262 మంది చనిపోతే, వారిలో 136 మంది ఇటలీ వారే. దుబాయికి, మస్కట్‌కు మగవారిని పంపి ఫోను కోసం ఎదురుచూసిన కరీంనగర్, జగిత్యాల ఇళ్ళకు ఈ లెక్క ఏమి చెబుతుందో నేను రాయనక్కరలేదు. పోయినవారు యాసను, తాంబురెల్లోను వెనుకే వదిలిపెట్టారు. పిజ్జికా అంటే చదువు లేని తాతల సరుకు అని పిల్లలు అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1954లో, అమెరికాకు చెందిన జానపద పాటల సేకర్త అలాన్ లోమాక్స్, ఇందాక చెప్పిన కార్పితెల్లా కలిసి టేపు రికార్డరుతో ఇటలీ అంతా తిరిగారు. రైతులు, గొర్రెల కాపరులు, జాలర్లు, ఉప్పు కొఠార్ల కూలీలు తమ పని దగ్గరే పాడుతుండగా ఎత్తిన ఆ రికార్డులు లేకపోతే తరువాతి తరానికి పట్టుకొమ్మ ఉండేది కాదు.

1967లో నేపుల్స్‌లో కొందరు యువకులు ‘నువొవా కొంపన్యియా ది కాంతో పొపొలారె’ అనే బృందాన్ని పెట్టారు. ఎవుజేనియో బెన్నాతో వంటివారు అందులో ఉన్నారు. స్వరకర్త రొబెర్తో దె సిమోనె వారికి దారి చూపాడు. ఆయన సంగీత కళాశాలలో చదివినవాడే అయినా, చదువుతో సరిపెట్టుకోకుండా జాతరలకు వెళ్ళి, తమ్మొర్రా పట్టిన ముసలివారి పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. సలెంతోలో 1975లో రచయిత్రి రీనా దురాంతె చొరవతో ‘కన్జొనియేరె గ్రెకానికో సలెంతీనో’ మొదలైంది. ఆ బృందం నేటికీ ఉంది. 2007లో తండ్రి దనియేలె దురాంతె నుండి కొడుకు మావురో దురాంతె చేతికి వచ్చింది. మీ ఇంట్లో తాత నుండి బాపుకు, బాపు నుండి మీకు వచ్చినట్టే.

నా మనసుకు అందరికంటే దగ్గరైన బృందం మాత్రం ‘ఎ జెజి’. నేపుల్స్ పక్కన పొమిల్యానో దార్కో అనే ఊరిలో కార్ల కార్ఖానా వచ్చింది. పొలం విడిచి కార్ఖానాకు వచ్చిన కార్మికులు 1974లో ఈ బృందాన్ని కట్టారు. నాటి వరకు మేరీమాత మొక్కుల దగ్గర మోగిన తమ్మొర్రాను వారు కార్ఖానా గేటు ముందుకు, సమ్మె ఊరేగింపులోకి తెచ్చారు. కార్మికుల చావులను ఆ లయలోనే పాడారు. సంగీతాన్ని ఆధునికం చేయడమంటే దానికి ఎలక్ట్రిక్ గిటారు తగిలించడమే అనుకునేవారికి వీరిని చూపించాలి. వాద్యం పాతదే, లయ పాతదే. పాడవలసిన బాధ కొత్తది. ఆజంజాహీ మిల్లు రోజులు గుర్తున్న వరంగల్ వారికి, బండి యాదగిరి, సుద్దాల హనుమంతు పాటలు విని పెరిగిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

మీ ఉత్తరంలో గౌరవం అన్న మాట ఉంది కనుక మరొకటి కూడా చెబుతాను. దక్షిణ ఇటలీలో తాంబురెల్లో ఒక కులానికి అంటగట్టిన వాద్యం కాదు. పేదల వాద్యంగా చిన్నచూపు చూశారు గాని, దానిని ముట్టుకున్నవాడిని అంటరానివాడిని చేయలేదు. డప్పు మోసిన బరువు వేరు. కాబట్టి వారు చేసినంత చేస్తే సరిపోతుందని మీకు చెప్పడం న్యాయం కాదు. డప్పును వేదిక ఎక్కించి డప్పు కొట్టేవాడిని మాత్రం వేదిక కింద కూర్చోబెడితే అది గౌరవం కాదు. పారితోషికంలో, పేరులో, నేర్పే గురువు స్థానంలో మీరు ఉండాలి.

ప్రశ్న: అక్కడ లక్ష మంది వచ్చే పిజ్జికా ఉత్సవం జరుగుతుందట. అంత పెద్ద వేదిక మీద అది ఇంకా జానపదమేనా? ఇంకొకటి, మా కోయ భాష పాటల వలె అక్కడ కూడా చిన్న భాషల పాటలు ఉన్నాయా?
– పరిశోధక విద్యార్థి, ములుగు

జవాబు: మీరు చెబుతున్నది ‘లా నొత్తె దెల్లా తరంతా’, అంటే తరంతా రాత్రి. 1998లో మొదలైంది. ఆగస్టు నెలలో ఊరూరా కచేరీలు జరిగి, చివరిది మెల్పిన్యానో అనే రెండు వేల చిల్లర జనాభా గల ఊరిలో, పాత మఠం ముందున్న మైదానంలో జరుగుతుంది. దానికి లక్షకు పైగా జనం వస్తారు. ఏటా ఒక సంగీతకారుడిని పిలిచి పాత పాటలకు కొత్త కూర్పు చేయిస్తారు. 2000లో జాజ్ విద్వాంసుడు జో జావినుల్, 2003లో రాక్ డ్రమ్మరు స్టీవర్ట్ కోప్‌లాండ్, 2010, 2011లలో పియానో వాద్యకారుడు లుడొవీకో ఎయినావుది ఆ పని చేశారు.

దీనికి రెండు పక్కలూ ఉన్నాయి. సిగ్గుపడి దాచుకున్న వాద్యాన్ని ఇవాళ సలెంతో పిల్లలు సంచిలో వేసుకుని గర్వంగా తిరుగుతున్నారంటే ఇలాంటి ఉత్సవాల పుణ్యమే. అయితే ఆ వేదిక మీద ఎర్ర శాలువలు ఊపుతూ వరుసల్లో ఆడే ఆట, పాత ఇళ్ళలో ఆడినది కాదు. చాలామటుకు కొత్తగా కూర్చినది. రామప్ప శిల్పాలను చూసి నటరాజ రామకృష్ణ పేరిణిని తిరిగి నిలిపినప్పుడు, అది పునర్నిర్మాణమని మనం ఒప్పుకునే ఆదరించాము. అక్కడ ఆ ఒప్పుకోలు తక్కువ. పర్యాటకుడికి అదే వందల ఏళ్ళ నాటి ఆట అని అమ్ముతున్నారు, తెల్ల దుప్పటి మీద ఏడ్చిన స్త్రీ ఆ బొమ్మలో కనిపించదు. నాకు ఇది నచ్చదు. అదే ఆగస్టులో, 15వ తేదీ రాత్రి, తోర్రెపాదూలి అనే చిన్న ఊరిలో సెయింట్ రాక్ పండుగకు జనం గుండ్రంగా నిలబడి తెల్లవారేదాకా తాంబురెల్లోలు వాయిస్తారు. ఆ వలయం మధ్యలో ఇద్దరేసి మగవారు వేళ్ళనే కత్తులుగా చూపుతూ కత్తిసాము ఆట ఆడతారు. ఎంపిక చేసుకోమంటే నేను మెల్పిన్యానో మైదానానికి కాక ఆ గుండ్రానికే వెళ్ళి నిలబడతాను.

భాష గురించి అడిగారు. మెల్పిన్యానో చుట్టుపక్కల సలెంతోలోని కొన్ని ఊళ్ళలో గ్రీకో అనే గ్రీకు మాండలికం ఉంది. ఇప్పుడు దానిని ధారాళంగా మాట్లాడేవారు ఎక్కువగా వయసు మళ్ళినవారే. ఇంట్లో ఆ భాష రాని పిల్లలకు కూడా పాటలు మాత్రం వచ్చు. వలసపోయిన భర్త కోసం భార్య ఏడ్చే పాటను గ్రీకోలోనే పాడతారు, అర్థం పెద్దలను అడిగి తెలుసుకుంటారు. పాట ఉన్నంత మాత్రాన భాష బతికినట్టు కాదు. కానీ మేడారం తోవలో కోయ డోలీ మోత వింటూ పెరిగిన మీకు, పాట ద్వారా భాష అడిగే పిల్ల ఒకరైనా ఇంట్లో ఉండడం ఎంత పెద్ద సంగతో తెలుసు.

ప్రశ్న: మా ఇంట్లో ఒగ్గు కథ ఉంది. అక్కడ గొర్రెల కాపరుల వాద్యాలు ఏమైనా ఉన్నాయా?
– పాలకుర్తి

జవాబు: ఉన్నాయి. జంపోన్యా అనే తోలుతిత్తి వాద్యం అచ్చంగా కాపరులదే. క్రిస్మస్ ముందు కొండల నుండి దిగివచ్చి నేపుల్స్, రోమ్ వీధుల్లో దానిని ఊదుతారు. సిసిలీలో మర్రన్జానో అనేది మన మోర్సింగే. ఇంకొకటి, మీకు నచ్చుతుంది: కసెర్తా దగ్గర పోర్తికో అనే ఊరిలో జనవరి 17న సెయింట్ ఆంటనీ పండుగకు రైతులు ద్రాక్షసారా పీపాలను, తొట్లను, కొడవళ్ళను వాయిస్తూ బండ్ల మీద ఊరేగుతారు. దుష్టశక్తులు తరిమి వేయబడతాయని నమ్మకం. నేపుల్స్ సంగీతకారుడు ఎంజో అవితాబిలె ఆ పీపాల వారినే తన కచేరీలకు తీసుకువెళ్ళాడు. వారి మోతను యంత్రంలో ఎక్కించుకుని వాడుకోకుండా, మనుషులనే పక్కన నిలబెట్టుకున్నాడు.

ప్రశ్న: వినడం ఎక్కడ మొదలుపెట్టాలి? మా అమ్మమ్మకు బతుకమ్మ పాటలు వంద దాకా వచ్చు, వాటిని కూడా ఇలా కొత్తగా చేయవచ్చా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు లోమాక్స్, కార్పితెల్లా ఎత్తిన 1954 నాటి రికార్డులు వినండి, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తరువాత సిసిలీకి చెందిన రోజా బలిస్త్రేరి. 1927లో లికాతాలో పేద ఇంట పుట్టి, పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుని, గిటారు ఒక్కదానితో సిసిలీ కూలీల గోడు వినిపించిన ఆమె 1990లో మరణించింది. ఆ తరువాత ఉచ్చో అలోయిజి అనే సలెంతో రైతు గొంతు. ఇవి విన్నాక కన్జొనియేరె, అవితాబిలె వంటి నేటి వారి దగ్గరికి రండి. వెనుక నుండి ముందుకు వస్తే, ఏది పాతదో ఏది చేర్చినదో మీ చెవికే తెలుస్తుంది.

అమ్మమ్మ పాటలను కొత్తగా చేయడం తరువాతి పని. మా నాయనమ్మ పాటలను నేను ‘వచ్చే బతుకమ్మకు’ రికార్డు చేద్దామని మూడేళ్ళు అనుకున్నాను. నాలుగో ఏడు ఆమె లేదు. మీరు ఈ ఆదివారమే కూర్చోండి. ఫ్యాను, టీవీ ఆపి, ఫోనును ఆమె నోటికి మూరెడు దూరంలో పెట్టండి. ఒక్కొక్క పాటకు ముందు ఏ ఊరిలో, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఎంగిలిపూల నాడు పాడేదా సద్దుల నాడు పాడేదా ఆమె చేతనే చెప్పించండి. మరిచిపోయిన చరణం దగ్గర తొందరపెట్టకండి. పక్కింటి ముసలమ్మను పిలిస్తే ఆమె అందుకుంటుంది.